ముందు రిపబ్లిక్, తర్వాత రాజు: నెదర్లాండ్స్ చరిత్ర ఎందుకిలా తిరగబడి నడిచింది?

క్లుప్తంగా

యూరప్‌లో చాలా దేశాలు రాజులను దించి రిపబ్లిక్కులయ్యాయి. నెదర్లాండ్స్ మాత్రం రెండు వందల ఏళ్లు రాజు లేకుండా బతికి, 19వ శతాబ్దంలో రాజును తెచ్చిపెట్టుకుంది. అక్కడి నేల స్వభావం, పట్టణాల బలం, పన్నుల గొడవ, ఇరుగుపొరుగు దేశాల లెక్కలు కలిసి ఈ చరిత్రను నడిపాయి. మిగతా అందరినీ లొంగదీసుకునే బలం ఏ ఒక్కరికీ లేకపోవడంతో బేరం కుదుర్చుకోవడమే పాలన అయింది. ఆ బేరాల్లో చోటు దొరకనివాళ్లు మాత్రం భారీ మూల్యం చెల్లించారు.

పేరు దగ్గరే మొదలయ్యే చిక్కు

హాలండ్, నెదర్లాండ్స్, డచ్. ఒకే దేశానికి ఇన్ని పేర్లేమిటన్న అనుమానం చాలామందికి వస్తుంది. నెదర్లాండ్స్ అంటే దిగువ నేలలు అని అర్థం. హాలండ్ అందులో ఒక ముక్క మాత్రమే. పడమటి తీరాన ఒకప్పుడు ఒక కౌంట్ ఏలిన ప్రాంతమది. ఇప్పుడు ఉత్తర హాలండ్, దక్షిణ హాలండ్ అని రెండు ప్రావిన్సులుగా ఉంది. దేశం మొత్తం మీద ప్రావిన్సులు 12. డబ్బు, ఓడలు, రేవులు ఎక్కువగా హాలండ్‌లోనే ఉండేవి కాబట్టి బయటివాళ్లకు ఆ పేరే అలవాటైంది. తెలుగువాళ్లకూ అంతే. పోర్చుగీసువారిని బుడతకీచులు, ఫ్రెంచివారిని పరాసులు అన్నట్టే, హాలండ్ పేరును బట్టి డచ్చివారిని ఒలందులు అన్నారు. ఇక డచ్ అనే మాట ఇంగ్లిషువాళ్లు ఒకప్పుడు జర్మన్ భాషలు మాట్లాడే అందరికీ వాడినది, చివరికి వీళ్లకే మిగిలింది. 2020 నుంచి అక్కడి ప్రభుత్వం అధికారిక ప్రచారంలో హాలండ్ పేరు పక్కనపెట్టి నెదర్లాండ్స్ అనే వాడుతోంది.

రాజధాని విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. రాజ్యాంగం ప్రకారం రాజధాని ఆమ్‌స్టర్‌డామ్. పార్లమెంటు, ప్రధాని కార్యాలయం, సుప్రీంకోర్టు ఉండేది మాత్రం ద హేగ్‌లో. హాలండ్ కౌంట్ల నివాసం అక్కడే ఉండేది, తర్వాత ప్రావిన్సుల ప్రతినిధులూ అక్కడే కూర్చున్నారు. ఒక ఊరి డబ్బు, ఇంకో ఊరి కచేరీ అన్న ఈ ఏర్పాటు ఇన్ని వందల ఏళ్లయినా మారలేదు.

రోమన్లు ఆగిపోయిన చోటు

క్రీస్తుపూర్వం 50లలో జూలియస్ సీజర్ సేనలు ఈ వైపు వచ్చాయి. ఆ తర్వాత రోమన్ సామ్రాజ్యానికి ఉత్తర సరిహద్దు రైన్ నది దగ్గర స్థిరపడింది. నది వెంట కట్టిన సైనిక శిబిరాలే కొన్ని చోట్ల ఊళ్లయ్యాయి. ఉట్రెక్ట్, నైమేఖన్ అలా మొదలైనవే. క్రీస్తుశకం 69లో బటావియన్ తెగ సివిలిస్ నాయకత్వంలో రోమ్ మీద తిరగబడి మరుసటి ఏడు ఓడిపోయింది. దేశం మీద దాని ప్రభావం స్వల్పమే. కానీ పదిహేను వందల ఏళ్ల తర్వాత స్పెయిన్ మీద తిరగబడినవాళ్లు తమ పూర్వీకులు వీళ్లేనని చెప్పుకున్నారు. జావాలో కట్టుకున్న నగరానికి బటావియా అని పేరు పెట్టడం వెనక ఉన్నది ఆ గర్వమే. అదే ఇప్పటి జకార్తా.

రైన్‌కు ఉత్తరాన ఫ్రీసియన్లు ఉండేవారు. రోజుకు రెండుసార్లు ఆటుపోట్లు వచ్చే ఆ తీరంలో వాళ్లు మట్టి, పేడ పోసి దిబ్బలు ఎత్తుచేసుకుని వాటిపై ఇళ్లు కట్టుకున్నారు. ఈ దిబ్బలను టెర్ప్ అంటారు. గట్లు కట్టడం తెలియని కాలంలో సముద్రాన్ని ఆపలేక మనిషే ఎత్తుకు ఎక్కిన పద్ధతి అది. రోమన్ల తర్వాత ఫ్రాంకులు వచ్చారు, విలిబ్రోర్డ్ వంటి మతప్రచారకులతో క్రైస్తవం వచ్చింది, వైకింగులు వచ్చి రేవులు దోచారు. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ సామ్రాజ్యం ముక్కలయ్యాక ఇక్కడ మిగిలింది హాలండ్ కౌంట్, ఉట్రెక్ట్ బిషప్, గెల్డర్స్ డ్యూక్ వంటి చిన్నచిన్న ఏలికలు. వాళ్లలో ఎవరి మాటా రెండో ఊరిలో చెల్లేది కాదు.

నేలను ఎండగడితే నేలే కుంగింది

ఈ దేశం నీళ్ల కింద ఉందని అందరికీ తెలుసు. దాదాపు 26 శాతం భూభాగం సముద్రమట్టం కంటే దిగువన ఉంది. అయితే మొదటి నుంచీ అంతా అలా లేదు. ఆ నేలలో పెద్ద భాగాన్ని మనుషులే కిందికి దించారు.

వెయ్యేళ్ల క్రితం హాలండ్, ఉట్రెక్ట్ ప్రాంతాల్లో ఎక్కువ భాగం పీట్ బీడు. అంటే వేల ఏళ్లుగా మొక్కలు నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయి తయారైన స్పాంజి లాంటి మెత్తటి నేల. అప్పట్లో అది సముద్రమట్టం కంటే ఎత్తుగానే ఉండేది. 10, 11వ శతాబ్దాల నుంచి కౌంట్లు, బిషప్పులు దాన్ని ముక్కలుగా కొలిచి రైతులకు ఇచ్చారు. భూమి సాగులోకి తెచ్చుకున్నవాడు వెట్టిచాకిరీ లేని స్వతంత్ర రైతు. ఏటా కొద్దిపాటి శిస్తు కడితే చాలు. రైతులు వరసగా కాలువలు తవ్వారు, నీళ్లు దిగిపోయాయి, ధాన్యం పండింది.

తర్వాతే అసలు సమస్య మొదలైంది. పీట్ నేలలో నీరు తగ్గితే అది ముడుచుకుపోతుంది. గాలి తగిలిన భాగం నెమ్మదిగా కుళ్లి గాలిలో కలిసిపోతుంది. నేల ఏటికేడాది కుంగుతుంది. కుంగితే మళ్లీ నీరు ఊరుతుంది, కాలువ ఇంకా లోతుగా తవ్వాలి, దాంతో నేల ఇంకా కుంగుతుంది. కొన్ని తరాలకు పొలం నది కంటే కిందికి వెళ్లిపోయింది. అప్పుడు గట్లు, తూములు, లాకులు కావాల్సి వచ్చాయి. 15వ శతాబ్దం మొదట్లో నీరు తోడే గాలిమరలు వచ్చాయి. చలిమంట కోసం పీట్‌ను ఇటుకల్లా కోసి అమ్ముకోవడంతో కొన్ని చోట్ల పొలాలు చెరువులయ్యాయి. మధ్యలో పెద్ద వరదలు వచ్చాయి. 1287 నాటి వరద, 1421 నాటి సెయింట్ ఎలిజబెత్ వరద ఊళ్లకు ఊళ్లనే మింగాయి.

ఒక రైతు తన గట్టును గాలికొదిలేస్తే పదిమంది పొలాలు మునుగుతాయి. అందుకే నీటి బోర్డులు పుట్టాయి. లైడెన్ చుట్టుపక్కల పనిచేసే రైన్‌లాండ్ బోర్డు 13వ శతాబ్దం నుంచి ఉంది. మన డెల్టా ఊళ్లలో నీటి సంఘాలు తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ఎవరి భూమి ఎంతో, వాళ్లు చూసుకోవాల్సిన గట్టు అంత. తన వంతు చేయలేని రైతు గట్టులో పార గుచ్చి భూమి వదిలి వెళ్లిపోవాలి. ఆ పార పీకినవాడికి భూమితో పాటు గట్టు బాధ్యతా దక్కుతుంది. ఈ ఆచారాన్నే పార చట్టం అనేవారు.

డచ్చివాళ్ల ప్రజాస్వామ్యం ఈ గట్ల మీదే పుట్టిందనే మాట బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగున్నా అందులో సగమే నిజం. ఈ బోర్డుల్లో మాట చెల్లింది ఎక్కువగా భూమి ఉన్నవాళ్లకే, కూలీలకు కాదు. పైగా నీటితో పోరాడిన ప్రాంతాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, వాటన్నిటిలో ఇలాంటి పాలన రాలేదు. కుంగిన నేల వల్ల జరిగిన ఇంకో మార్పుకే బరువు ఎక్కువ. తడి నేలలో గోధుమ, రై సరిగా పండవు. రైతులు పశువుల వైపు, వెన్న, జున్ను వైపు మళ్లారు. పాడికి అంతమంది మనుషులు అక్కర్లేదు. మిగిలినవాళ్లు హెర్రింగ్ చేపల వేటకు, ఓడల పనికి, పట్టణాలకు వెళ్లారు. తిండిగింజలు బాల్టిక్ తీరం నుంచి ఓడల్లో దిగుమతి చేసుకున్నారు. అలా 1500 నాటికే హాలండ్‌లో సగానికి దగ్గరగా జనం పట్టణాల్లో ఉన్నారు. అప్పటి యూరప్‌లో ఇది చాలా అరుదు. భూస్వాములు బలహీనం, పట్టణాలు బలం. తర్వాతి కథంతా ఈ తూకం మీదే నడిచింది.

పన్ను, మతం, తిరుగుబాటు

15వ శతాబ్దంలో బర్గండీ డ్యూకులు పెళ్లిళ్లు, కొనుగోళ్లు, యుద్ధాలతో ఈ ప్రాంతాలను ఒక్కొక్కటిగా చేజిక్కించుకున్నారు. హాలండ్ 1433లో వాళ్ల చేతికి వచ్చింది. 1477లో బర్గండీ వారసురాలు మేరీ హాబ్స్‌బర్గ్ వంశంలో పెళ్లి చేసుకోవడంతో అంతా ఆ వంశం కిందికి పోయింది. మేరీ మనవడు ఐదో చార్లెస్ పుట్టింది గెంట్‌లోనే, కాబట్టి స్థానికులు అతన్ని మనవాడే అనుకున్నారు. 1555లో అతను పెత్తనాన్ని కొడుకు రెండో ఫిలిప్‌కు అప్పగించాడు. ఫిలిప్ స్పెయిన్‌లో పెరిగాడు, 1559లో స్పెయిన్ రాజుగా అక్కడికి వెళ్లాక మళ్లీ ఇటు రాలేదు.

గొడవకు కారణాలు రెండు కలిశాయి. ప్రొటెస్టెంట్ మతబోధకుడు కాల్విన్ బోధలు పాకుతున్న పట్టణాల్లో మతద్రోహం పేరుతో జనాన్ని చంపించడం ఒకటి. స్థానిక సభలను అడగకుండా పన్నులు వేసి, పాత హక్కులను తుడిచేయడం రెండోది. 1566లో జనం చర్చిల్లో విగ్రహాలు పగలగొట్టారు. మరుసటి ఏడు ఫిలిప్ పంపిన ఆల్బా డ్యూక్ సైన్యంతో దిగాడు. ఎగ్‌మాంట్, హోర్న్ కౌంట్లకే తలలు తీయించాడు. వాళ్లు కేథలిక్కులు, రాజుకు సేవ చేసినవాళ్లు. ఆ తర్వాత ప్రతి అమ్మకం మీదా పదో వంతు పన్ను వేయబోయాడు. చేతులు మారుతూ పోయే సరుకు మీద ప్రతిసారీ పదో వంతు అంటే వ్యాపారం చేసుకునే ఊళ్లకు ఉరితాడే. ఆ పన్ను దాదాపుగా వసూలు కాలేదు కూడా. అయినా కేథలిక్ వర్తకులను సైతం తిరుగుబాటు వైపు నెట్టడానికి ఆ బెదిరింపు సరిపోయింది.

ఆరెంజ్ వంశపు విలియం నాయకత్వంలో 1568లో యుద్ధం మొదలైంది. 1572 ఏప్రిల్ 1న సముద్రపు బిచ్చగాళ్లని పేరుపడ్డ తిరుగుబాటు నావికులు బ్రీల్ రేవు పట్టుకున్నారు. 1574లో లైడెన్ ముట్టడిని తప్పించడానికి గట్లు తెంచి పొలాలు ముంచి, ఆ నీళ్ల మీద పడవల్లో వచ్చి ఊరిని కాపాడారు. గట్టే ఆస్తి అయిన దేశంలో గట్టు తెంచడం ఎంత తెగింపో ఊహించుకోవచ్చు.

1579లో ఉత్తరాది ప్రాంతాలు ఉట్రెక్ట్ ఒప్పందంతో ఒక్కటయ్యాయి. 1581లో ఫిలిప్‌ను తమ ఏలికగా ఇక ఒప్పుకోమని ప్రకటించాయి. రాజు ఉన్నది ప్రజల కోసం, ప్రజలున్నది రాజు కోసం కాదు అన్నది ఆ ప్రకటన వాదన. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, వాళ్లు రాజునే వద్దనలేదు, ఈ రాజును వద్దన్నారు. అప్పటికే ఫ్రాన్స్ రాజు తమ్ముడు అంజూ డ్యూక్‌ను పిలిచి ఉన్నారు. కుదరలేదు. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌ను అడిగితే ఆమె ఒప్పుకోక లెస్టర్ ఎర్ల్‌ను పంపింది. అతనూ నెగ్గుకురాలేదు. ఈలోగా 1584లో విలియం డెల్ఫ్ట్‌లో హత్యకు గురయ్యాడు. 1588 నాటికి ఇక వెతకడం మానుకున్నారు. అలా పుట్టింది డచ్ రిపబ్లిక్. అది ముందుగా పెట్టుకున్న ఆశయం కాదు. తగిన రాజు దొరక్క మిగిలిన దారి.

1585లో స్పెయిన్ సేనలు ఆంట్‌వర్ప్‌ను తిరిగి పట్టుకున్నాయి. అక్కడి వర్తకులు, నేతగాళ్లు, అచ్చు పనివాళ్లు వేల సంఖ్యలో ఉత్తరానికి తరలిపోయారు. వాళ్ల డబ్బు, పని, పరిచయాలు ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరాయి. అక్కడే ఉండిపోయిన దక్షిణ భాగం ఆ తర్వాత బెల్జియం అయింది. ఎనభై ఏళ్ల యుద్ధం 1648లో మున్‌స్టర్ సంధితో ముగిసింది.

రాజు లేని ఇంటి లెక్కలు

ఏడు ప్రావిన్సులు. స్టేట్స్ జనరల్ అనే సభలో ఒక్కోదానికి ఒక్కో ఓటు. యుద్ధం, సంధి, కొత్త పన్ను వంటి వాటికి అందరూ ఒప్పుకోవాలి. ఉమ్మడి ఖర్చులో హాలండ్ ఒక్కటే సుమారు 58 శాతం భరించేది. ఓటు ఒకటే అయినా డబ్బు తనది కాబట్టి హాలండ్‌ను కాదని ఏదీ జరిగేది కాదు. అలాగని మిగతా ఆరింటినీ తోసిరాజనలేదు. పైన స్టాట్‌హౌడర్ అనే పదవి ఉండేది. పాత కాలంలో రాజుకు ప్రతినిధి అతను. రాజు పోయినా పదవి మిగిలింది, ఎక్కువగా ఆరెంజ్ వంశంవాళ్లే అందులో కూర్చున్నారు. రాజు కాని రాజు అన్నమాట.

ఇంత మెల్లగా నడిచే పాలన యుద్ధాలు గెలవడం ఆశ్చర్యమే. కిటుకు అప్పులో ఉంది. ఫ్రాన్స్ రాజుకు అప్పిస్తే తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. ఎగ్గొడితే అడిగేవాడు ఉండడు. హాలండ్‌లో అప్పు తీసుకునే సభలో కూర్చున్నవాళ్లే అప్పు ఇచ్చినవాళ్లు కూడా. తమ డబ్బు తామే ఎగ్గొట్టుకోరు. అందుకే 17వ శతాబ్దం మధ్యలో హాలండ్ 4 శాతం వడ్డీకే అప్పు తేగలిగింది. 1609లో పెట్టిన ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు రకరకాల నాణేలను నమ్మకమైన ఒక్క లెక్కలోకి మార్చి వ్యాపారుల తలనొప్పి తగ్గించింది.

మత సహనం కూడా కొంతవరకు ఇలాంటి లెక్కే. కేథలిక్కులు బహిరంగంగా పూజ చేసుకోకూడదు, కానీ ఇంటి అటక మీద చర్చి పెట్టుకుంటే అధికారులు చూడనట్టు ఊరుకునేవారు. స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరలివచ్చిన యూదులకు ఆమ్‌స్టర్‌డామ్‌లో చోటు దొరికింది. వాళ్లలో పుట్టిన తత్వవేత్త స్పినోజాను 1656లో వెలివేసింది మాత్రం యూదు సమాజమే.

మచిలీపట్నం మీదుగా మసాలా దీవులకు

1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టారు. వాటాల రూపంలో దాదాపు 64 లక్షల గిల్డర్లు పోగయ్యాయి. వాటాదారు తన డబ్బు కంపెనీ నుంచి వెనక్కి తీసుకోలేడు, వాటాను ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ షేర్ మార్కెట్ అలా పుట్టింది. కంపెనీ నిర్మాణం దేశం అచ్చులోనే ఉంది. ఆరు నగరాల శాఖలు, పైన 17 మంది డైరెక్టర్లు. ఆమ్‌స్టర్‌డామ్ పెట్టుబడి సగానికి పైగా ఉన్నా సొంతంగా మెజారిటీ రాకుండా 17లో 8 సీట్లే ఇచ్చారు.

వాళ్లకు కావాల్సినవి ఇండోనేషియా దీవుల లవంగాలు, జాజికాయ, జాపత్రి. యూరప్ సరుకుతో అక్కడివాళ్లకు పెద్దగా పనిలేదు. వాళ్లకు కావాల్సింది కోరమండల్ తీరపు బట్ట. అందుకే 1605లో డచ్చివారు మచిలీపట్నం వచ్చారు. 1606లో గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి ఫర్మానా పొందారు. దక్షిణాన విజయనగర రాజు వెంకటపతిరాయల అనుమతితో 1610లో పులికాట్‌లో దిగి, 1613లో గెల్డ్రియా కోట లేపారు. నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం వంటి చోట్ల వాళ్ల వర్తక స్థావరాలు వెలిశాయి. వెండి, జపాన్ రాగి ఇచ్చి ఇక్కడ బట్ట కొనడం, ఆ బట్ట ఇచ్చి అక్కడ మసాలాలు తీసుకోవడం, మసాలాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మడం. ఈ మూడు కాళ్ల మీద వ్యాపారం నిలబడింది. చిరివేరు ఎరుపుతో అద్దిన కలంకారీ బట్టలు తర్వాత నెదర్లాండ్స్‌లోనూ మోజు తెచ్చాయి. ఫ్రీస్‌లాండ్‌లోని హిండలోపెన్ ఊరి సంప్రదాయ దుస్తుల్లో ఆ అద్దకం బట్ట ఇప్పటికీ కనిపిస్తుంది.

ఈ వ్యాపారానికి నెత్తుటి మరక ఉంది. జాజికాయ మీద గుత్త హక్కు కోసం 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌స్జోన్ కూన్ సేనలు బండా దీవుల ప్రజల్లో అత్యధికులను చంపడమో, ఆకలికి గురిచేయడమో, తరిమేయడమో చేశాయి. తోటల్లో పనికి బానిసలను తెచ్చారు. కోరమండల్ తీరం నుంచీ, ముఖ్యంగా కరువు కాలాల్లో, మనుషులను కొని ఓడలెక్కించారు. స్వదేశంలో ఏడుగురిని ఒప్పిస్తే గానీ పన్ను వేయలేని వ్యవస్థ, సముద్రం దాటాక ఎవరినీ అడగలేదు. 1824 ఒప్పందంతో భారత్‌లోని డచ్ స్థావరాలు ఇంగ్లిషువారి పరమయ్యాయి. భీమునిపట్నం, మచిలీపట్నాల్లోని డచ్ సమాధులు వాళ్ల గుర్తులుగా మిగిలాయి.

విపత్తు ఏడాది నుంచి నెపోలియన్ దాకా

1672ను డచ్చివాళ్లు విపత్తు ఏడాది అంటారు. ఫ్రాన్స్, ఇంగ్లండ్, రెండు జర్మన్ బిషప్పుల సేనలు ఒకేసారి విరుచుకుపడ్డాయి. అప్పటికి ఇరవై ఏళ్లుగా స్టాట్‌హౌడర్ లేకుండా హాలండ్‌ను నడిపినవాడు యోహన్ డి విట్. ద హేగ్‌లో గుంపు అతన్నీ అన్ననూ దారుణంగా చంపింది. మళ్లీ పొలాలు ముంచి ఫ్రెంచి సేనను ఆపారు. ఆరెంజ్ వంశపు మూడో విలియం అధికారంలోకి వచ్చాడు. 1689లో అతనే ఇంగ్లండ్‌కు రాజయ్యాడు. ఆపదలో ఆరెంజ్ వంశం వైపు చూడటం, ఆపద గడిచాక వాళ్లను దూరం పెట్టడం ఆ తర్వాత అలవాటుగా మారింది.

18వ శతాబ్దంలో కూలిపోయిందేమీ లేదు, ఎదుగుదల ఆగింది. యుద్ధాల అప్పు పెరిగింది, ఆ భారం ఎక్కువగా హాలండ్ మీదే ఉంది. మిగతా ప్రావిన్సులు వాటా పెంచడానికి ఒప్పుకోలేదు. అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా జరిగే పద్ధతి ఒకప్పుడు కాపాడింది, ఇప్పుడు కాళ్లు కట్టేసింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ తమ కేంద్ర ప్రభుత్వాలను బలపరుచుకుంటే వీళ్లు పాత ఒప్పందంలోనే ఉండిపోయారు. 1780 నుంచి 1784 వరకు ఇంగ్లండ్‌తో జరిగిన యుద్ధం ఓడల వ్యాపారాన్ని దెబ్బతీసింది. కంపెనీ అప్పుల్లో మునిగి 1799 చివర మూతపడింది.

1795లో ఫ్రెంచి విప్లవ సేనలు గడ్డకట్టిన నదులు దాటి వచ్చాయి. 1798 రాజ్యాంగంతో ఏడు ఖాతాల అప్పులు ఒక ఖాతాలో పడ్డాయి. రెండు శతాబ్దాలు తేలని పంచాయితీ పరాయి తుపాకుల నీడలో తేలింది. 1806లో నెపోలియన్ తన తమ్ముడు లూయీని హాలండ్ రాజును చేశాడు. అంటే ఈ నేలకు మొదటి రాజును ఇచ్చింది విప్లవ ఫ్రాన్సే. 1810లో దాన్ని కూడా ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నాడు.

1813లో నెపోలియన్ ఓడగానే ఆరెంజ్ వంశపు వారసుడు తిరిగొచ్చాడు. 1815లో మొదటి విలియం పేరుతో రాజయ్యాడు. ఫ్రాన్స్‌కు ఉత్తరాన గట్టి అడ్డుగోడ కావాలన్నది ఇంగ్లండ్ వంటి దేశాల కోరిక. అందుకే బెల్జియాన్ని కూడా ఇతనికే కలిపారు. ఆ కాపురం పదిహేనేళ్లే. దక్షిణంలో జనాభా ఎక్కువైనా పార్లమెంటులో సీట్లు సమానం, ఉత్తరాది పాత అప్పు అందరికీ పంపకం, కేథలిక్కుల మీద ప్రొటెస్టెంట్ రాజు. 1830లో బెల్జియం విడిపోయింది, 1839లో డచ్ రాజు ఒప్పుకున్నాడు. 1848లో యూరప్ అంతా విప్లవాలు రగలడం చూసి రెండో విలియం జంకాడు. ఉదారవాద నేత తోర్‌బెకె రాసిన కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకుని అధికారం మంత్రులకు, పార్లమెంటుకు వదిలేశాడు. రాజు వచ్చిన ముప్పై మూడేళ్లకే మళ్లీ పేరుకు రాజయ్యాడు.

జావా డబ్బు

1830 నుంచి జావాలో రైతులు తమ భూమిలో ఐదో వంతు దాకా కాఫీ, చెరకు, నీలిమందు ప్రభుత్వం కోసం పండించాలన్న పద్ధతి పెట్టారు. చాలాచోట్ల అంతకంటే ఎక్కువే పిండుకున్నారు. 1850ల నాటికి డచ్ ఖజానా ఆదాయంలో మూడో వంతు, కొన్నేళ్లు అంతకన్నా ఎక్కువ అక్కడి నుంచే వచ్చింది. పాత అప్పులు తీరాయి, రైలు మార్గాలు పడ్డాయి. 1863లో సూరినామ్, కరీబియన్ దీవుల్లో బానిసత్వం రద్దు చేసినప్పుడు యజమానులకు ఇచ్చిన పరిహారంలోనూ ఆ డబ్బు ఉంది. విముక్తులకు మాత్రం ఏమీ ఇవ్వలేదు సరికదా, సూరినామ్‌లో ఇంకో పదేళ్లు తోటల్లోనే పనిచేయాలన్నారు. ఆ పదేళ్లు ముగిసిన 1873లోనే కలకత్తా నుంచి తొలి ఓడలో భారతీయ కూలీలు సూరినామ్ చేరారు. వాళ్లలో ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్ వైపువాళ్లు. 1975లో సూరినామ్ స్వతంత్రమయ్యే వేళ వాళ్ల వారసులు చాలామంది నెదర్లాండ్స్‌కు తరలిపోయారు. బానిసత్వంలో దేశం పాత్రకు 2022 డిసెంబరులో ప్రధాని రుట్టె, 2023 జులై 1న రాజు విల్లెం అలెగ్జాండర్ క్షమాపణ చెప్పారు.

ఒకే వీధి, నాలుగు లోకాలు

19వ శతాబ్దం చివర పెద్ద తగువు బడుల గురించి. మత సంస్థల బడులకు ప్రభుత్వం డబ్బివ్వాలా వద్దా? 1917లో ఒకేసారి రెండు బేరాలు తెగ్గొట్టారు. మత పార్టీలకు బడుల నిధులు, సోషలిస్టులకు, ఉదారవాదులకు మగవాళ్లందరికీ ఓటు. 1919లో ఆడవాళ్లకూ ఓటు వచ్చింది. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా పద్ధతి కూడా అప్పటిదే.

ఆ తర్వాత యాభై ఏళ్లు సమాజం కేథలిక్, ప్రొటెస్టెంట్, సోషలిస్టు, ఉదారవాద స్తంభాలుగా బతికింది. ఎవరి బడి వాళ్లది, ఎవరి పత్రిక, రేడియో, కార్మిక సంఘం వాళ్లవి. పక్కింటివాళ్లతో పెళ్లి సంబంధం కాదు కదా, ఒకే ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఉండకపోవచ్చు. కిందివాళ్లు కలవరు, పైన నాయకులు కూర్చుని మాట్లాడుకుంటారు. 1960లలో చర్చికి వెళ్లేవాళ్లు తగ్గి, టీవీ వచ్చి ఆ గోడలు కూలాయి.

పద్ధతి ప్రకారం నడిచే పాలన ఎంత ప్రమాదకరం కాగలదో రెండో ప్రపంచయుద్ధం చూపింది. 1940 మే 10న జర్మనీ దాడి చేసింది. 14న రోటర్‌డామ్ మీద బాంబులు పడ్డాయి, మరునాడు సైన్యం లొంగిపోయింది. ఆ తర్వాత దేశంలోని దాదాపు 1.4 లక్షల మంది యూదుల్లో సుమారు మూడొంతుల మందిని నాజీలు చంపారు. బెల్జియంలో ఆ నిష్పత్తి దాదాపు 40 శాతం, ఫ్రాన్స్‌లో 25 శాతం. 1941 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ కార్మికులు యూదుల అరెస్టులకు వ్యతిరేకంగా సమ్మె చేసిన దేశమిది. అయినా ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నదానికి చరిత్రకారులు కొన్ని కారణాలు చెబుతారు. ఇక్కడ నాజీ పార్టీవాళ్లే నేరుగా పాలించారు. దాక్కోవడానికి అడవులు, కొండలు లేవు. అన్నిటికీ మించి జనాభా రిజిస్టర్లు పక్కాగా ఉన్నాయి, ఎవరు ఏ మతమో, ఏ ఇంట్లో ఉంటారో అందులో రాసి ఉంది. గుమాస్తాలు అలవాటు ప్రకారం తమ పని తాము చేసుకుపోయారు. 1944-45 ఆకలి చలికాలంలో పడమటి నగరాల్లో సుమారు 20 వేల మంది చనిపోయారు. ఇండోనేషియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, స్వయంగా ఆక్రమణ అనుభవించి బయటపడిన దేశం అక్కడికి సైన్యాన్ని పంపి, 1949 డిసెంబరు దాకా అధికారం వదల్లేదు.

వరద, గ్యాస్, కూటములు

1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉత్తర సముద్రపు తుపాను నైరుతి గట్లను తెంచింది. 1,836 మంది చనిపోయారు. అంతకుముందు 1932లో 32 కిలోమీటర్ల అఫ్‌స్లౌట్‌డైక్ గట్టుతో ఒక సముద్రపు పాయనే మూసిన దేశానికి ఇది గట్టి దెబ్బ. అప్పటి నుంచి 1997 దాకా డెల్టా పథకం కింద నదీముఖాలను ఆనకట్టలు, కదిలే గేట్లతో కట్టడి చేశారు.

1959లో గ్రోనింగన్‌లో భారీ గ్యాస్ నిల్వ దొరికింది. గ్యాస్ డబ్బుతో కరెన్సీ విలువ పెరిగి ఫ్యాక్టరీల సరుకు బయట అమ్ముడుపోలేదు. ది ఎకనామిస్ట్ పత్రిక దీనికి డచ్ జబ్బు అని పేరు పెట్టింది. నిరుద్యోగం పెరిగాక 1982లో వాసెనార్ ఒప్పందంలో కార్మిక సంఘాలు జీతాల పెంపు కోరిక తగ్గించుకున్నాయి, యజమానులు పనిగంటలు తగ్గించారు. ఇక గ్యాస్ తోడినకొద్దీ గ్రోనింగన్‌లో భూకంపాలు వచ్చి ఇళ్లు బీటలు వారాయి. ఆ బావులను చివరికి మూసేశారు. ఇక్కడ కూడా తవ్విన నేల కుంగింది, ఈసారి పీట్ బదులు గ్యాస్.

పార్లమెంటు దిగువ సభలో 150 సీట్లు. దామాషా పద్ధతి వచ్చాక ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. 2021 ఎన్నికల తర్వాత ప్రభుత్వం ఏర్పడటానికి 299 రోజులు పట్టింది. 2023లో వలసలను వ్యతిరేకించే గీర్ట్ విల్డర్స్ పార్టీ 37 సీట్లతో మొదటి స్థానంలో నిలిచింది. వేరే దేశంలో అయితే అతనే ప్రధాని. ఇక్కడ కూటమి భాగస్వాములు ఒప్పుకోకపోవడంతో ఏ పార్టీకీ చెందని డిక్ స్కూఫ్ ప్రధాని అయ్యారు, 2025 జూన్‌లో విల్డర్స్ బయటికి పోగానే ఆ కూటమి కూలింది. అక్టోబరు ఎన్నికల్లో మొదటి స్థానానికి 30 సీట్లు కూడా అక్కర్లేకపోయింది. స్తంభాలున్నప్పుడు నలుగురు నాయకులు కూర్చుంటే మాట తెగేది. ఇప్పుడు పదిహేను పార్టీలు. బేరం పాతదే, బేరగాళ్లు ఎక్కువయ్యారు.

రైతులతో తగువు ఇందులో భాగమే. పశువుల పేడ, మూత్రం నుంచి వచ్చే నత్రజని ప్రకృతి రక్షిత ప్రాంతాలను పాడు చేస్తోందని 2019లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం పాత అనుమతుల పద్ధతిని కొట్టేసింది. ట్రాక్టర్లు రోడ్లెక్కాయి. 2023 మార్చి ప్రావిన్సు ఎన్నికల్లో కొత్తగా పుట్టిన రైతు పార్టీ అన్నిటికంటే పైన నిలిచింది.

దాని వెనకాల ఇంకో తగువు నడుస్తోంది. పీట్ నేలలు ఇప్పటికీ ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కుంగుతున్నాయి, కుళ్లే పీట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది, పాత ఇళ్ల పునాదులు దెబ్బతింటున్నాయి. కుంగుడు ఆపాలంటే కాలువల్లో నీటిమట్టం పెంచాలి. పెంచితే నేల తడిసి ఆవుల కాళ్లు, ట్రాక్టర్ చక్రాలు దిగబడతాయి. వెయ్యేళ్ల క్రితం తవ్విన కాలువలో నీళ్లు ఎంత ఎత్తులో ఉండాలన్నది తేల్చేది ఎక్కువగా నీటి బోర్డులే. దేశంలో 21 బోర్డులున్నాయి. వాటికి నాలుగేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి, భూమి లేనివాళ్లకూ ఇప్పుడు అందులో ఓటుంది.